దసరా గడువు

గాంధారి,
1941 మార్చి 20.

సౌభాగ్యవతి ప్రమీలమ్మకు, నీ పెనిమిటి దేవయ్య దీవించి రాసే సంగతులు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను, మా నర్సవ్వ అక్క, మన బిడ్డ దానమ్మ రెండు పూటలా తిని నిమ్మళంగా ఉన్నాం. పట్నంలో నువ్వు, నీ పాలు తాగి పెరిగిన ఇంజనీరు సాబు గారి బాబు చల్లగా ఉండాలని ఆదివారం ఆదివారం ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

నీ జాబు పోయిన బుధవారం అందింది. మనీఆర్డరు అంతకు ముందే వచ్చింది. నీ జాబును అక్కకు రెండుసార్లు చదివి వినిపించాను. "నువ్వు మాట్లాడినట్టు రాయవేంది, పంతులు లెక్క రాస్తవ్" అని నువ్వు ఎగతాళి చేసిన చోట అక్క పడీపడీ నవ్వింది. ఏం చేయను ప్రమీలా? మనిద్దరికీ మిషను బడిలో పంతులు బెత్తం పట్టుకుని నేర్పిన అక్షరాలు కదా. కలం పట్టగానే ఆయన మాటలే చేతికి వస్తాయి. నువ్వు మాత్రం ఆయన చెప్పిందంతా మరిచిపోయి హాయిగా నోటికి వచ్చినట్టు రాస్తావు. నీ జాబు చదువుతుంటే నువ్వు పొయ్యి ముందు కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

నువ్వు అడిగిన వాటికి జవాబులు రాస్తాను. అక్క దగ్గు చలికాలంతోనే పోయింది. వాము నీళ్ళు తప్ప వేరే మందు వాడలేదు. ఇంటి మీద కొత్త గడ్డి ఈ ఏడు కూడా కప్పలేదు. పాత గడ్డి మీద ఈత ఆకులు పరిచి, పైన రాళ్ళు పెట్టాను. ఒక మూల కొంచెం కారింది కానీ అక్కడ మేకను కడతాం కాబట్టి దానితోనే గొడవ, మనతో కాదు. మేక రెండు పిల్లలను ఈనింది. పోతుపిల్లను అమ్మేశాం. ఆడపిల్లను ఉంచాం. అది దానమ్మకు ఒకటే ఆట.

"దానమ్మ నన్ను మరిచిపోయిందా" అని ప్రతి జాబులో అడుగుతావు. అయిదు నెలల పసిదాన్ని వదిలి వెళ్ళావు, నీ ముఖం దానికి ఎలా గుర్తుంటుంది? ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, బాధపడకు. మాటలు వచ్చిన కొత్తలో అది అక్కనే "అవ్వా" అని పిలిచింది. అక్క ఊరుకోలేదు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నేను మేనత్తను బిడ్డా. నీ అవ్వ పట్నంల ఉన్నది. చెల్క ఇడిపిచ్చెతందుకు పోయింది. ఏడున్నది నీ అవ్వ?" అని రోజూ అడుగుతుంది. అది చెయ్యి చాపి తూర్పు వైపు, కామారెడ్డి బాట వైపు చూపిస్తుంది. పిల్లలు లేని మనిషి, మొగుడు పోయిన మనిషి, నోరారా "అవ్వా" అని పిలిచే పిల్లను అలా సవరించడం ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను.

మీ చిన్నాయన పోచయ్య మన మీద ఎందుకు అలిగాడని అడిగావు. నస్రుల్లాబాద్‌లో వాళ్ళ పెద్ద బిడ్డ పెళ్ళికి మనం చీర పెట్టలేదు. చీర కొనడానికి మన దగ్గర పైసలు లేక కాదు, ఉన్నాయి. కానీ అవి అప్పిచ్చిన సావుకారివి. నీ మనీఆర్డరు వచ్చిన రోజే సావుకారి భాగం తీసి అక్క వడ్ల గుమ్మిలో దాచిన చిన్న కుండలో వేస్తాను. ఒకసారి అందులో పడిన రూపాయి మనది కాదు అని అక్కా నేనూ ఒట్టు పెట్టుకున్నాం. అందుకని పెళ్ళికి రెండు రోజుల ముందే వెళ్ళి, వంటకు కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, పందిరికి గుంజలు పాతాను. చీరకు బదులు నా రెక్కలే కట్నం అనుకున్నాను. మీ చిన్నాయన పదిమందిలో, "అల్లుడు చీర వెట్టలేక కూలికి అచ్చిండు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను గొడ్డలి దించలేదు. "అవు మామా, కూలికే అచ్చిన. కాని కూలి పైసలు అడుగుత లేను గద" అన్నాను. ఆ మాటకు ఆయనకు కోపం వచ్చింది. మీ చిన్నమ్మ మాత్రం నేను వచ్చేటప్పుడు పంచె కొంగున ఇంత పప్పు, బెల్లం కట్టి పంపింది. నువ్వు వచ్చాక ఒకసారి వెళ్ళి పలకరించి వద్దాం. మనసులో పెట్టుకునే మనిషి కాదు ఆయన.

ఇంట్లో తిండి సంగతి నువ్వు అడగలేదు కానీ రాస్తాను. నువ్వు పంపిన పైసలతో మేమిక్కడ ఎలా బతికామో నీకు తెలియాలి. పొద్దున అంబలి, సాయంత్రం జొన్న గటక, చింతపండు పచ్చిపులుసు. ఆదివారం ఒక్కపూట బియ్యం. గుడ్లు మన కోళ్ళవే అయినా మేం తినలేదు, కామారెడ్డి వెళ్ళే బండ్ల వాళ్ళకు అమ్మాం, దానమ్మకు పెట్టినవి తప్ప. యుద్ధం మొదలైనప్పటి నుంచి దీపానికి గ్యాసునూనె ధర మండిపోతోంది. అందుకని పొద్దు ఉండగానే తిని పడుకుంటాం. నేను చుట్ట మానేశాను. మానిన మొదటి వారం అక్క మీద, మేక మీద, గోడ మీద కూడా అరిచాను. అక్క విసిగిపోయి, "తమ్మీ, నేనే కొనిస్త ఒక్కటి తాగు, కని గిట్ల మొరగకు" అంది. అయినా తాగలేదు. ఇప్పుడు ఎవరైనా పక్కన తాగితే పొగ నాకే కంపు కొడుతోంది.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు.

కాముని పున్నం నాడు ఎల్లారెడ్డి వెళ్ళి రామస్వామి సావుకారి బాకీ కట్టేశాను. మొత్తం. అసలు, మిత్తి, అన్నీ. కుదువలో ఉన్న మన మెట్ట చెల్క మనకు వచ్చింది.

ఆ రోజు ఎలా జరిగిందో నీకు పూర్తిగా చెప్పాలి. ఎందుకంటే ఆ అరుగు ముందు నాతో పాటు నువ్వు నిలబడవలసింది. గొడ్ల రోగంలో మన ఎడ్లు రెండూ పోయి, ఆ పై ఏడు వానలు కూడా లేకపోయాక, అదే అరుగు ముందు మనిద్దరం నిలబడి మూడు వందల హాలీ రూపాయలు తీసుకుని చెల్క కుదువ పెట్టి, తిండికి పోను ఒక్క ఎద్దును కొన్నాం కదా. దసరాకు ఒక గడువు, కాముని పున్నానికి ఒక గడువు, ఒక్క గడువు తప్పినా చెల్క తనది అని ఆయన చదివి వినిపిస్తుంటే నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. అది నేను మరిచిపోలేదు.

మొన్న నడిరాత్రి దాటగానే బయలుదేరి వెన్నెల్లో నడిచే వెళ్ళాను. సావుకారి అరుగు మీద కూర్చుని పండ్లు తోముకుంటున్నాడు. నేను కింద నిలబడి మూట విప్పాను. ఆయన ప్రతి రూపాయినీ రాతి మీద వేసి మోగించి చూసుకున్నాడు. నాకు కోపం రాలేదు. ఆయన పని ఆయనది. ఒకందుకు ఆయనను మెచ్చుకోవాలి, ఇన్నేళ్ళలో లెక్కలో ఒక పైసా అటూ ఇటూ చేయలేదు. గడువు మీద మాత్రం రాయిలాంటి మనిషి. లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి, నా ముందే నిలువునా చింపి నా చేతిలో పెట్టాడు. ఆ తరువాత ఏమన్నాడో చూడు.

"దేవయ్యా, ఒక్క ఎద్దుతోని ఏం దున్నుతవ్‌రా? ఇంకో నూరు తీస్కపో. జోడెద్దు కొనుక్కో. నీ మాట మీద నాకు నమ్మకం కుదిరింది. ఈసారి చెల్క సుత కుదువ పెట్టకు, ఉత్త చీటీ రాసియ్యి చాలు."

ప్రమీలా, నిజం చెప్తున్నాను, నోట్లో నీళ్ళూరాయి. జోడెద్దు. రెండెడ్ల అరక కట్టి నాలుగేళ్ళయింది. ఒక్క మాట అంటే చాలు, వచ్చే అంగడికి ఎద్దు మన కొట్టంలో ఉంటుంది. అయినా తల అడ్డంగా ఊపాను.

"నీ దయ సావుకారీ. నాకొద్దు."

"ఎందుకొద్దు? వానలు పడంగనే ఏడ్సుకుంట నా అరుగు కాడికే వస్తవ్."

"రాను. పక్క చెల్క మైసన్న కాడ ఒక ఎద్దున్నది, నా కాడ ఒకటున్నది. కలిపి కట్టుకుంటం. ఒక దినం ఆయన చెల్క, ఒక దినం నా చెల్క."

"ఇద్దరికి కయ్యమైతే?"

"అయితే గడ్డపార పట్టుకోని తవ్వుకుంట."

ఆయన నవ్వాడు. లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించాడు. దూరం నుంచి దోసిట్లో పోశారనుకో, అది వేరే సంగతి. తాగి వచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు ఊరి బాటన రాకుండా చెల్కలోకి దిగి, మధ్యలో నిలబడి చుట్టూ చూశాను. మన పక్క చెల్క మైసన్న అక్కడ కంప నరుకుతున్నాడు. "ఏమాయె?" అన్నాడు. చింపిన కాగితం చూపించాను. కత్తి కింద పడేసి వచ్చి నన్ను కావలించుకున్నాడు.

ఇప్పుడు నువ్వు అడిగిన పెద్ద మాటకు వస్తాను. ఇంజనీరు సాబుకు ఔరంగాబాదు బదిలీ అయిందని, బేగం గారు నిన్ను ఆయాగా వెంట రమ్మంటున్నారని, నెలకు పదిహేను ఇస్తామంటున్నారని రాశావు. "ఇంకొక్క ఏడు ఓర్సుకుంటే జోడెద్దు అయితది, ఇంటి మీద పెంకలయితయి. పోవుమంటవా, రమ్మంటవా?" అని అడిగావు.

రమ్మంటున్నాను.

ఆ పసివాణ్ణి వదిలి రావడం నీకు చిన్న సంగతి కాదని తెలుసు. మన బిడ్డ తాగవలసిన పాలు తాగినవాడు. నీ కొంగు పట్టుకుని తిరిగేవాడు. వాడు ఏడుస్తాడు, నువ్వూ ఏడుస్తావు. బేగం గారు నిన్ను తన మనిషిలా చూసుకుందని ఎన్నోసార్లు రాశావు. ఆ తల్లికి నా దండాలు చెప్పు. అయినా రా. ఎద్దు లేకపోయినా దున్నుకుంటాం, పెంకలు లేకపోయినా పడుకుంటాం. ఎందుకు ఇంత గట్టిగా రమ్మంటున్నానో చెప్పాలంటే నీ దగ్గర దాచిన సంగతి ఒకటి రాయాలి. ఇన్ని నెలలు రాయలేదు. చెల్క విడిపించిన రోజున రాస్తానని అక్కకు మాట ఇచ్చాను. ఆ రోజు రానే వచ్చింది. అయినా నాలుగు రోజులుగా కలం పట్టడం, దించడం చేస్తున్నాను.

పోయిన జాబులో నువ్వు అడిగిన ఒక్కదానికి ఇంతవరకు జవాబు రాయలేదు. "ఉరుకుతున్నదా?" అని అడిగావు. దానమ్మ ఉరకడం లేదు ప్రమీలా.

పోయిన వానకాలం చివర, దసరా ముందు, బిడ్డకు జ్వరం వచ్చింది. మొదట వానకు తడిసిందేమో అనుకున్నాం. జ్వరం దిగలేదు. మెడ నిలపలేదు, మేకపాలు తాగలేదు. మైసన్న అడగకముందే బండి కట్టాడు. వానలో గొంగడి కప్పుకుని, బిడ్డను అక్క ఒళ్ళో వేసుకుని కామారెడ్డి దవాఖానకు చేరాం. డాక్టరు సాబు మంచివాడు. చూడగానే పక్కన పడుకోబెట్టి సూది వేశాడు. "జ్వరం దిగేదాంక ఈడనే ఉండాలె" అన్నాడు. అక్క బిడ్డ దగ్గర కూర్చుంది. నేను వసారాలో నిలబడ్డాను.

నా నడుముకు గుడ్డలో కట్టిన పైసలున్నాయి. దసరా గడువుకు కూడబెట్టినవి. ఊరి నుంచి బయలుదేరేటప్పుడు కుండ బోర్లించి తెచ్చాను. ఆ వసారాలో నిలబడి నేను మొట్టమొదట ఏం అనుకున్నానో తెలుసా? బిడ్డ బతుకుతుందా అని కాదు. ఇందులో ఎంత ఖర్చవుతుంది, గడువు తప్పుతుందా అని. లోపల నా బిడ్డ మూలుగుతుంటే నా వేళ్ళు గుడ్డ మీద నుంచి రూపాయలు తడిమి లెక్కపెడుతున్నాయి. నా చేతులను నేనే చూసుకుని భయపడ్డాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా.

అక్క బయటికి వచ్చి, "తమ్మీ, టేసను ఈడనే ఉన్నది. పట్నంకు తారు కొట్టియ్యి. ఎల్లుండికల్ల పిల్ల తల్లి ఈడుంటది" అంది.

టెలిగ్రాం మాట వినగానే తల పక్కకు తిప్పుకున్నాను.

"ఏందిరా, ఇనవడుత లేదా?"

"తారు కొడితె ఉరికొస్తది అక్కా. నడుమల ఇడిసొస్తె నౌక్రి లేదని బేగం ముందే చెప్పింది. నౌక్రి పోతే పైసలు ఆగుతయి. పైసలు ఆగితే చెల్క పోతది."

"బిడ్డ పోతే?"

ఆ మాట విన్నాను. అయినా తారు కొట్టించలేదు. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉన్నట్టే ఉంటుంది. "రేపు దాని ముందట ఏం ముఖం పెట్టుకోని నిలవడుతవో నిలవడు" అని లోపలికి వెళ్ళిపోయింది.

దవాఖాన ఖర్చుకు, మా ముగ్గురి తిండికి కుండ పైసలే తీశాను. తీసింది పూడ్చడానికి స్టేషను దగ్గర గూడ్సు బండ్లలోకి సంచులు మోశాను. సంచి భుజాన వేసుకుని పోతూ వస్తూ తారాఫీసు కిటికీ ముందు నుంచే నడిచేవాణ్ణి. లోపల బాబు టకటక కొడుతూనే ఉండేవాడు. ప్రతిసారీ ఆగుదామనుకునేవాణ్ణి. ఆగలేదు. సాయంత్రం కూలి చేతిలో పడగానే దవాఖానకు వెళ్ళి, గుమ్మం దగ్గర నిలబడి అక్క ముఖం చూసేవాణ్ణి. అక్క తల ఊపితే లోపలికి అడుగు పెట్టేవాణ్ణి.

జ్వరం దిగింది. బిడ్డ కళ్ళు తెరిచి మేకపాలు అడిగింది. కానీ కిందికి దించితే ఎడమ కాలు నిలవలేదు. చచ్చుబడ్డట్టు వేలాడింది. డాక్టరు సాబు మోకాలు వంచి, చాపి, చాలాసేపు చూశాడు. "జ్వరం కాలు మీదికి కొట్టింది. మందుతోని వచ్చేది కాదు ఇది. రోజూ నూనె పెట్టి మాలీషు చెయ్యాలె, ఏడ్సినా సరే నిలవెట్టాలె, నడిపియ్యాలె. పూర్తిగ రాదు. కని నడుస్తది" అన్నాడు.

నువ్వు వచ్చి ఉంటే కాలు బాగయ్యేదా? కాదని డాక్టరు సాబు చెప్పాడు, నేను అడిగాను. అయినా అది నాకు సాకు కాదు. బిడ్డ చావు బతుకుల్లో ఉన్నప్పుడు పక్కన ఉండే హక్కు నీకుంది. దాన్ని నేను దసరా గడువుకు కట్టేశాను. ఊరికి తిరిగి వచ్చి నీకు ఎప్పటిలాగే "బిడ్డ బాగున్నది" అని జాబు రాశాను. ఆ అబద్ధం రాసిన చేతితోనే ఇది రాస్తున్నాను.

ఇంకొకటి. కూలి చేసినా పైసలు గడువుకు సరిపోలేదు. అక్క ఏమీ మాట్లాడకుండా తన కాళ్ళ కడియాలు తీసి, కామారెడ్డిలో కంసాలి అవుసులాయనకు అమ్మి, పైసలు నా ముందు పెట్టింది. బావ చేయించినవి అవి. ఆయన పోయినప్పుడు కూడా తీయనివ్వలేదు. నేను తీసుకోనన్నాను. "నీ కోసం కాదురా. ఆ పిల్ల కన్నబిడ్డను ఇడిసి పోయి రెండేండ్లు ఊడిగం చేస్తున్నది. గా చెల్క పోతే గా రెండేండ్లు ఎటు పోవాలె?" అంది. దసరా ముందు రోజు ఎల్లారెడ్డి వెళ్ళి కట్టి వచ్చాను. ఈ అప్పు నేను తీరుస్తానంటే అక్క కొట్టడానికి వచ్చింది. "సావుకారిది అప్పు. నాది అప్పు అన్నవంటే నీ ఇంట్ల ఉండ" అంది. అందుకని దాన్ని అప్పు అనడం లేదు. వచ్చే పంట అమ్మిన పైసల్లో అన్నిటికంటే ముందు కడియాలు చేయిస్తాం. నువ్వే దగ్గరుండి ఆమె కాళ్ళకు తొడగాలి.

ఇప్పుడు బిడ్డ సంగతి రాస్తాను. ఈ ఆరు నెలల్లో అక్క ఒక్క పూట కూడా మాలీషు మానలేదు. దీపంలో నూనె లేకపోయినా కాలుకు నూనె ఉంది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే అక్క కూడా ఏడుస్తూనే చేసేది. ఊరి వడ్లాయన మూడు చక్రాల బండి ఒకటి చెక్కి ఇచ్చాడు, పట్టుకుని నడవడానికి. పైసలు ఇవ్వలేనని చెప్పి ఆయన ఇంట్లో మొద్దులు చీల్చి పెట్టాను. మొదట్లో బండిని పట్టుకుని నిలబడటమే గొప్ప. సంక్రాంతి పోయాక వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నెట్టుకుంటూ పోవడం వచ్చింది.

మొన్న చెల్క కాగితంతో నేను ఇంటికి వచ్చేసరికి బిడ్డ బండి పట్టుకుని నిలబడి ఉంది. మేకపిల్ల కట్టు తెంపుకుని వాకిట్లోకి దూకింది. "అగో పోయె, అగో పోయె" అని అరుస్తూ దానమ్మ బండి వదిలేసింది. వదిలేసి దాని వెంట నడిచింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, ఒక పక్కకు ఒరుగుతూ, రెండు చేతులూ గాలిలో పెట్టి. అక్క చాటలో జొన్నలు చెరుగుతున్నది, చాట అట్లాగే పట్టుకుని లేచి నిలబడిపోయింది. నేను బిడ్డను పట్టుకోబోతే అక్క "ముట్టకు" అంది. దానమ్మ గోడ దాకా పోయింది. గోడ పట్టుకుని వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసి, మేక దొరకలేదని ఏడ్చింది. మేం నవ్వుతూ ఏడ్చాం.

అందుకే రమ్మంటున్నాను. పదిహేను రూపాయలు పెద్ద మాటే. ఆ పదిహేను కోసం మళ్ళీ ఏదో ఒక రోజు ఏదో ఒక సంగతి నీ దగ్గర దాచవలసి వస్తుంది. అది నావల్ల కాదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఎవరి గడువూ చూసుకోకుండా ఒకరికొకరు చెప్పుకునే ఇల్లు కావాలి మనకు. ఆ ఇల్లు గటక తిని అయినా నిలబెడదాం. విత్తనాలకు జొన్నలు, కందులు, పెసర్లు తీసి పెట్టాను, ఎవరినీ అడగనక్కరలేదు. వానలు పడేదాకా మైసన్నా నేనూ ఎల్లారెడ్డి బాట మీద కంకర కొట్టే పనికి ఒప్పుకున్నాం. కూలి ఏ వారానికి ఆ వారం ఇస్తారు. ముందు పైసలు ఇస్తామన్నారు, తీసుకోలేదు. నువ్వు ఉంటే అక్కకు కొంచెం ఊపిరి, బిడ్డ కాలుకు ఇంకో రెండు చేతులు.

నీకు కోపం వస్తుంది. రావాలి. ఈ జాబు చదివి నన్ను ఎంత తిట్టుకున్నా తప్పు లేదు. ఆ తిట్లు జాబులో రాయకు, వచ్చి నా ముందు నిలబడి తిట్టు, ఎదురు చెప్పను. ముఖం చూపించనంటావా, ఆ మాట కూడా ఇక్కడికి వచ్చే చెప్పు.

ఈ నెల మనీఆర్డరు పంపకు. రెండున్నరేళ్ళలో మొదటిసారి ఈ మాట రాయగలుగుతున్నాను. ఆ పైసలు రైలు టికెటుకు ఉంచుకో. మిగిలితే నీకొక చీర కొనుక్కో, మాకేమీ తేకు. ఏ రోజు బయలుదేరేదీ కార్డు ముక్క రాయి. కాచిగూడలో పొద్దుటి బండి ఎక్కితే పగలే కామారెడ్డిలో దిగుతావు. మైసన్న బండితో మేం స్టేషనులో ఉంటాం. అక్క కూడా వస్తానంటోంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకో ప్రమీలా. బండి దిగగానే మమ్మల్ని చూసి ఉరికి రాకు. బిడ్డను ఎత్తుకోవడానికి చేతులు చాపకు. నీ కాళ్ళు ఆగవు, నాకు తెలుసు, అయినా ఆగు. మూట కింద పెట్టి, దిగిన చోటనే కూర్చో. అక్క దాన్ని కిందికి దించి, నువ్వు ఎవరో చెప్పి, చెయ్యి వదిలేస్తుంది. ఎంతసేపు పట్టినా సరే, పడితే మళ్ళీ లేచినా సరే, దాన్ని నీ దాకా నడిచి రానివ్వు.

ఇట్లు,
దానమ్మ తండ్రి,
దేవయ్య.